పట్టికలో లేని మాట

బాయిలర్ బాగుచేయించడానికి నూట ఎనభై పౌండ్లు కావాలి.
కార్డిఫ్‌లో కిటికీ లేని ఒక గదిలో
ముప్ఫై ఆరు గంటలు కన్ను మూయకుండా కూర్చుంటే
సరిగ్గా అంతే ఇస్తామన్నారు.
నవ్వొచ్చింది నాకు.
ఇన్నేళ్ళూ ఊరికే చేసిన పని అది.

బ్రాన్‌వెన్ అనే పిల్ల, పరిశోధకురాలు,
నా తలకి తీగలు అంటిస్తూ
"జిగురు చల్లగా ఉంటుంది, సారీ" అంది.
ఎర్ర దీపం వెలగగానే బొత్తాం నొక్కాలి.
అంతే పని. చిన్నపిల్లల ఆట.

తెల్లవారుజామున నాలుగింటికి
దీపం వెలిగిందట, ఆరిందట.
నా కళ్ళు తెరుచుకునే ఉన్నాయి.
గుమ్మం తీసి ఉంది,
ఇంట్లో ఎవరూ లేరు.

వందలోంచి ఏడు తీసెయ్యి, మళ్ళీ ఏడు, మళ్ళీ ఏడు.
తొంభై మూడు. ఎనభై ఆరు. డెబ్బై తొమ్మిది.
డెబ్బై రెండు.
అక్కడ మెట్టు విరిగింది.
ఏడో ఎక్కం నిద్రలో లేపి అడిగినా చెప్పేదాన్ని ఒకప్పుడు.
నిద్రే లేనప్పుడు
ఎక్కణ్ణించి లేపుతారు?

మా వైపు మేలుకోవడాన్ని తెలివి రావడం అంటారు.
"పిల్లకి తెలివొచ్చిందా?" అని అడిగేది మా పెద్దమ్మ పొద్దున్నే
పొయ్యి దగ్గర్నుంచి.
వచ్చిన తెలివి అలాగే ఉండిపోతే,
ఎంతకీ పోకపోతే,
దానికీ ఒక మాట ఉండాలి. మాకు లేదు.

మధ్యాహ్నం, అది మధ్యాహ్నమే అయితే,
బ్రాన్‌వెన్ ఒక పట్టిక చదివింది.
ఆమె ఇంగ్లీషులో అంటుంటే
నాలోకి మాత్రం తెలుగులో దిగాయి.
మంచం. దిండు. దుప్పటి. ఆవలింత.
కల. గురక. జోల. కునుకు. రాత్రి.
పావుగంట తర్వాత చెప్పమంది.
మంచం చెప్పాను, దిండు చెప్పాను,
దుప్పటి జారిపోయింది, జోల జారిపోయింది.
నిద్ర, అన్నాను.
ఆ మాట చదవలేదంది.
చదివావు, నేను విన్నాను,
చదువుతూ చెవిపోగు సర్దుకున్నావు కూడా, అన్నాను.
కాగితం నా ముందు పెట్టింది.
పైనుంచి కిందికి. కిందినుంచి పైకి.
లేదు.
"చాలామంది అదే అంటారు" అంది, ఓదార్పుగా.
"ఖాళీ కనబడితే మెదడు ఊరుకోదు. అలిసిపోతే మరీనూ."

అప్పుడు, ఎందుకో,
న్యూపోర్ట్‌లో వృద్ధాశ్రమం వెనక తలుపు గుర్తొచ్చింది.
జనవరి. వరసగా తొమ్మిదో రాత్రి డ్యూటీ.
ఎమ్రిస్ గారు పైజమాతో, కాళ్ళకి ఏమీ లేకుండా
కారు పార్కింగ్‌లో దొరికారు.
బతికే ఉన్నారు. పెదాలు నీలం.
మేనేజర్ అడిగితే
తలుపు తీసి వదిలింది ఒడెట్టేనని చెప్పాను.
నా కళ్ళతో చూశానన్నాను.
ఆమె సిగరెట్టు చెప్పాను, పసుపు స్కార్ఫు చెప్పాను,
సంతకం పెట్టాను.
ఒడెట్ నావైపు కోపంగా చూడలేదు.
తనమీద తనకే అనుమానం వచ్చినదానిలా
తన చేతులకేసి చూసుకుంది.
తనకీ తొమ్మిదో రాత్రే మరి.

డబ్బు కవర్లో పెట్టి ట్యాక్సీ ఎక్కించారు.
టాఫ్ నది మీద వంతెన దాటాం.
దాటామేమో.
పదమూడు గంటలు పడుకున్నాను.

లేచి, ముఖమైనా కడుక్కోకుండా
ఆ రాత్రిని మళ్ళీ వెతికాను,
చాటలో బియ్యం పోసుకుని రాళ్ళు ఏరినట్టు.
తలుపు ఉంది. ఈదురుగాలి ఉంది.
గడియ చప్పుడు ఉంది.
గడియ మీద ఒక చెయ్యి, చలికి పగిలింది.
నాదే కావచ్చు. ఇదీ నేను కల్పించుకున్నదే కావచ్చు.
స్కార్ఫు మాత్రం
ఎంత చెరిగినా లేదు.

బాయిలర్ మనిషి పదింటికి గానీ రాడు.
ఒడెట్ నంబరు ముందు పెట్టుకుని
దుప్పటి కప్పుకుని కూర్చున్నాను.
తెలివొచ్చింది, పెద్దమ్మా.
చలిగా ఉంది.