అతుకు

నిన్న పొద్దున స్లాబుకు సున్నం కొట్టినాం.
ఇంటికి కొట్టినట్టు అందానికి కాదు,
తెలుపు మీద పగులు దాక్కోలేదని.

అనంతపురం. ఏప్రిల్ నెల. ల్యాబు రేకుల కింద
ఒక ఇనుప స్తంభం, దాన్నుంచి చాచిన చెయ్యిలా దూలం,
దూలం నెత్తిన నాలుగంగుళాల కాంక్రీటు.
రెంటినీ కలిపి పట్టుకున్నవి, లోపల పూడిపోయిన
పుట్టగొడుగు తలల మేకులు పద్నాలుగు.
స్టడ్లు అంటాం.
కట్టడం లేచినాక వాటి మొహం ఎవరూ చూడరు.

జాకీ నెడుతుంది. జాకీ లాగుతుంది.
కొన దగ్గర ఆరు మిల్లీమీటర్లు పైకి, ఆరు కిందికి,
మూడేసి సార్లు. తర్వాత తొమ్మిది. తర్వాత పన్నెండు.
భూకంపం అర నిమిషంలో ముగించే పనిని
మేం రోజంతా చేస్తాం, మధ్యలో బొరుగులు తింటూ.

దూలం కిందికి దిగితే తెరుచుకునే పగులు
పైకి లేస్తే నోరు మూసుకుంటుంది.
తెరుచుకున్నప్పుడే తిప్పేస్వామి
స్కెచ్ పెన్నుతో గీసి పక్కన అంకె వేస్తాడు:
పదకొండు. పద్నాలుగు. మళ్లీ పద్నాలుగు.
స్లాబు మెల్లగా
లెక్క కుదరని పిల్లోడి పలకలా తయారైంది.

ఇరవై రెండో సారికి కరెంటు పోయింది.
దూలం సగం వంగి అట్లే ఆగింది,
మాట మధ్యలో ఎవరో పిలిచిన మనిషిలా.
నలభై నిమిషాలు.

తెర మీద ఉచ్చులు, ఒకదాన్ని చుట్టి ఒకటి.
మొదట బొద్దుగా ఉండి, పోను పోను నడుం సన్నబడి.
ఆ నడుం చూస్తే నా గుండె జారుతుంది:
లోపల ఏదో వదులవుతోంది.
ముందు దూలం వంగాల, తర్వాతే ఇంకేమైనా అని
నాలుగేళ్లుగా రాసి పెట్టుకున్నా.

ముప్పై ఒకటి.
టప్‌మని, శెనక్కాయ చిట్లినట్టు,
కాకపోతే కడుపులోంచి.
లోడు ఒక మెట్టు దిగిపోయింది.
దూలం వంగనే లేదు.
"మేకు పాయ మ్యాడమ్," అన్నాడు తిప్పేస్వామి,
అంకె ఎక్కడ వెయ్యాలో తెలీక పెన్ను మూత పెడుతూ.

సాయంత్రానికి ఉలి, సుత్తి.
పెళ్లలు తీసి తీసి చూస్తే ఐదో స్టడ్డు, రెండుగా.
విరిగిన మొహం పటికబెల్లంలా మెరుస్తా ఉంది.

కబురు పెట్టకుండానే వచ్చినాడు హుసేనప్ప,
రుద్రంపేట షెడ్డులో వీటికి వెల్డింగు పెట్టినోడు.
నన్ను పలకరించలేదు. మోకాళ్ల మీద కూర్చుని
దూలానికి అంటుకుని మిగిలిన మోడును
బొటనవేలితో చుట్టూ తడిమినాడు.
"అతుకు కాడ ఇరగలేదు సూడప్పా," అన్నాడు తిప్పేస్వామితో,
"పైన ఇరిగింది. కడ్డీ పాయ. అతుకు ఉండాది."

నా పుస్తకంలో ఆ వరుసకు ఎదురుగా
విఫలం అని ఉంది. నా రాతే.
కొట్టెయ్యలేదు.
కింద ఇంకో మాట చేర్చినా: వెల్డు నిలిచింది.
పద్నాలుగూ చూడకుండా అట్ల రాయకూడదు కదా,
మిగతావి కూడా తవ్వమన్నా.

హుసేనప్పే సుత్తి అందుకున్నాడు.