బ్రాడ్‌గేజి

త్రికోణం నొక్కమంటుంది ఆట.
నా కీబోర్డు మీద త్రికోణం లేదు.
పక్కింటి టుకునా వెతికాడు, పై వరసంతా, అంకెల పక్కనంతా.
"త్రికోణ కేఉంఠి, అపా?" అని ఒడియాలో అడిగి
జవాబుకి ఆగకుండా
స్పేస్‌బార్‌ని పిడికిలితో గుద్దాడు.
తలుపు తెరుచుకుంది.
తప్పు నాదే. ఆ తలుపు అప్పుడే తెరుచుకోకూడదు.

పర్లాకిమిడిలో, కొమ్ముబొమ్మలు చెక్కే దుకాణం పైగదిలో
ఇదీ నా పని:
టీవీ ముందు చేరబడి రెండు బొటనవేళ్ళతో
ఆడుకోమని అల్లిన కథని
బల్ల ముందు కూర్చున్న పది వేళ్ళకి అప్పజెప్పడం.
కింద ఆకురాయి గీరుతూంటే
కాలిన వెంట్రుక వాసన మెట్లెక్కి వస్తుంది.
వాళ్ళకి కొంగ మెడ వంచడానికి ఒక పూట.
నాకు పదకొండు వారాలు.

మొదట్లో యోధుడు ఆగకుండా పరుగెత్తాడు.
పాత యంత్రంలో సెకనుకి ముప్పై బొమ్మలు,
ఇక్కడ అరవై.
కాలాన్ని గడియారంతో కాక బొమ్మలతో కొలిచారు వాళ్ళు.
వాన రెండింతల జోరుగా కురిసింది.
ముసలి వైద్యురాలు
మందు పేరు చెప్పకుండానే కన్నుమూసింది.
ఆవిడ మళ్ళీ నిదానంగా చనిపోయేలా చెయ్యడానికి
నాలుగు రాత్రులు పట్టింది.

తర్వాత తెర వెడల్పు.
పాత టీవీకి సరిపడా కట్టిన ఊరది.
రెండు పక్కలా లాగేసరికి
అంచుల్లో మనుషులు బయటపడ్డారు,
ఇంకా తమ వంతు రానివాళ్ళు,
చేతులు బార్లా చాపి, రెప్ప వెయ్యకుండా,
నేలకి జానెడెత్తున నిలబడి.
వాళ్ళలో పెళ్ళికూతురు. మూడు అంకాల తర్వాత రావలసిన పిల్ల.
ఆ రోజింక పని సాగలేదు నాకు.

వెడల్పు చెయ్యడం గురించి మా నాన్నకి తెలుసు.
దండాసి, గ్యాంగ్‌మేను, నౌపడా గుణుపురం చిన్నలైను.
రెండున్నర అడుగుల పట్టాలు పీకి
అయిదున్నర అడుగులవి పరిచినప్పుడు
పీకినవాళ్ళలోనూ ఆయనున్నాడు, పరిచినవాళ్ళలోనూ.
"బండిదేటుంది, పెద్దదొచ్చింది.
మలుపులే ఒప్పుకోలేదే అమ్మా" అనేవాడు.
చిన్న బండి ఒంగి దాటిన చోట
పెద్ద బండి ఒంగనందిట.
పాత మలుపు మీద ఇప్పుడెవరో వడ్లు ఎండబోస్తున్నారు,
వంకరగా, పట్టాలు పోయిన దారంటే.

ఇవాళ మిగిలింది వణుకు.
రాతి దేవత లేచే చోట
చేతిలో పరికరం వణకాలని రాసుంది,
ఎడమ అరచేతికి మూడు, కుడిదానికి ఏడు,
రెండు సెకన్లు, తర్వాత ఆగి, ఇంకో అర.
పక్కన జపాను భాషలో ఎవరో విడిచిన మాట.
తెలిసినవాళ్ళని అడిగితే చెప్పారు:
"ఇక్కడ భయపడకూడదు. గుర్తుపట్టాలి."
కీబోర్డు వణకదు.
తీసెయ్యమంది కంపెనీ.

నాన్న పట్టా మీద అరచెయ్యి ఆనించేవాడు.
బండి పాతపట్నం విడిచిందో లేదో
చెయ్యే చెప్పేదిట. నిజమో, నాకు చెప్పిన గొప్పో.
"కొత్త పట్టా నోరు మెదపదు,
సిమెంటు దిమ్మ మింగేస్తాది" అన్నాడొకసారి.
అన్నాడే గాని
రిటైరయ్యే రోజు దాకా చెయ్యి పెట్టడం మానలేదు.

నేను తీసెయ్యలేదు.
ఆ వరసలు అలాగే ఉంచి
ఏ మోటారుకీ కలపకుండా వదిలేశాను.
దేవత లేస్తుంది.
మూడు, ఏడు, ఆగి, ఇంకో అర.
లెక్క నడుస్తుంది, ఎవరి చేతిలోనూ కాకుండా.

టుకునా ఆ ఘట్టానికి చేరేసరికి చీకటి పడింది.
కుడిచెయ్యి మౌసు మీద,
ఊరికే ఉన్న ఎడమచేతిని తీసుకెళ్ళి
సీపీయూ డబ్బా మీద పెట్టుకున్నాడు.
లోపల పాత ఫ్యాను, ఒక రెక్క విరిగింది.
తెర వైపే చూస్తూ చాలాసేపు ఉంచాడు.
మార్పించాలి దాన్ని.
వచ్చే నెల చూద్దాం.