ఎనిమిదో కుట్టు

రుస్తుంబాదలో లేసు గొడౌను మీద గది.
ఫ్యాను తిరిగితే కింద నుంచి గంజి వాసన.
పదమూడేళ్ళుగా నా ఉద్యోగం
సత్యం గారి కంపెనీని గూగుల్లో పైకి లాగడం.

మొదట్లో అంతా దొంగ పనే.
తెల్ల పేజీ మీద తెల్లక్షరాలు:
లేసు, చవక లేసు, చేతి లేసు,
నర్సాపూర్ అని, నరసపురం అని,
లోకం ఎన్ని తప్పులు రాయగలదో అన్నీ నేనే ముందు రాసి
కనపడకుండా పరిచేదాన్ని.
మనిషి కంటికి ఖాళీ. యంత్రానికి విందు.
కింద ఏస్తేరమ్మ చేసేదీ అదే,
తెల్ల దారంతో తెల్ల పువ్వు.
కాకపోతే ఆవిడది
ముదురు రంగు దుప్పటి మీద పరిస్తే కనపడేది.

సత్యం గారికి కాలవ భాషలో చెబితేనే ఎక్కేది.
"మొదటి పేజీ అంటే తూము పక్క చేనండి.
రెండోది శివారు.
శివారుకి నీళ్ళెప్పుడందాయి?"
ఆయనకి మొగల్తూరు దిగువన నాలుగెకరాలుంది.
మరి మాట్లాడలేదు. జీతం పెంచారు.

తర్వాత రూలు మారింది.
దొంగ అక్షరాలకి శిక్ష పడింది,
ఒక్క రాత్రిలో మూడో స్థానం నుంచి మూడొందలకి.
ఆపైన లింకులు కొన్నాం,
ఊరూ పేరూ లేనివాళ్ళ చేత పొగిడించుకున్నాం,
అవీ తెంపేశారు.
ఇక ఏ కిటుకూ మిగలక
నిజం రాయడం మొదలెట్టాను.

మెట్లు దిగి ఏస్తేరమ్మ పక్కన పీట వేసుకుని
అనాసపండు డిజైను ఎలా మొదలవుద్దో,
దారం ఎక్కడ వదలాలో ఎక్కడ బిగించాలో
ఆవిడ అన్నది అన్నట్టు.
"సూదికి చెవుల్లేవు, దారానికే చెప్పుకో" లాంటివి కూడా.
ఆ ఏడు జనం వచ్చారు,
కొచ్చి నుంచి, లిస్బన్ నుంచి,
పంటు దిగినట్టు గుంపులు గుంపులుగా.
గ్రాఫు చూసి సత్యం గారు కాజాలు పంచారు.

ఇప్పుడు
తూము దగ్గరే ఎవరో మోటారు పెట్టారు.
అడిగినవాడికి అక్కడే, పైనే, జవాబు.
మర్యాదగా, నాలుగు పేరాల్లో.
"మనం ఎన్నోది?" అంటారాయన రోజూ.
"మొదటిదేనండి."
"మరి ఫోను మోగదేం?"
మొదటి చేనుకే తడి లేదనడానికి
కాలవ భాషలో మాట దొరకలేదు.

రెండు నెలల కిందట నేనే అడిగాను దాన్ని,
అనాసపండు లేసు ఎలా అల్లాలని.
గడగడా చెప్పింది.
మూడో వరసలో ఎనిమిది కుట్లు వేయమంది.
నా చెయ్యి ఆగిపోయింది.
ఏడు.
ఎనిమిదని కొట్టింది నేను,
అప్పుడెప్పుడో, ఒళ్ళు కాలే జ్వరంతో ఒక మధ్యాహ్నం.
ఎవరి పేరూ లేని ఆ నాలుగు పేరాల్లో
నా తప్పొక్కటే నన్ను గుర్తుపట్టింది.

ఏస్తేరమ్మకి చెప్తే పగలబడి నవ్వింది.
"ఎనిమిదేస్తే అంచు గోదారైపోద్దమ్మా, అలలే అలలు."
ఆ సాయంత్రమే మా పేజీలో దిద్దాను.
యంత్రం ఇంకా ఎనిమిదే అంటోంది.
ఎక్కడెక్కడో బల్లల మీద,
పూలకూజాల కింద,
మా గోదారి లేచి ఆడుతుండాలి.

ఇవాళ ఒక ఫోను. మలికిపురం నుంచి ఎవరో అమ్మాయి.
"అల్లింది బల్ల మీద పడుకోవట్లేదండి.
చేత్తో చూపించేవాళ్ళెవరైనా ఉన్నారా?"
స్పీకర్లో పెట్టాను.
ఏస్తేరమ్మ పళ్ళ మధ్య దారం తీసి
"రమ్మను. పంటు దిగి ఎవర్నడిగినా చెప్తారు" అంది.

ఎవర్నడిగినా.
ఆ మాట నెలకి ఎంతమంది వెతుకుతారో చూద్దామని
అలవాటుగా కొట్టబోయి,
మెట్లు దిగాను,
రెండో పీట ఎక్కడుందో చూడ్డానికి.