ఐస్ ఫ్యాక్టరీ జట్టు

మినిట్స్ పుస్తకం నా చేతికెందుకిచ్చారంటే
లెక్కలు రాసేవాణ్ణి, ఆట రానివాణ్ణి.
మొదటి పేజీకి చెమ్మ పట్టింది.
తేదీ మాత్రం కనబడుతోంది:
తొంభై ఎనిమిది ఫిబ్రవరి, సాయంత్రం,
నరసాపురం, మాధవాయిపాలెం రేవుకి దిగువ
కొత్తగా మేట వేసిన లంక మీద.

పెచ్చెట్టి విశ్వేశ్వరం మేష్టారు
ఇథియోపియాలో ఆరేళ్లు ఆల్జీబ్రా చెప్పొచ్చారు.
బంగారం తెస్తారనుకుంటే
వీపున ఏడో నంబరున్న పచ్చ చొక్కా తెచ్చారు,
గుడ్డసంచీడు పచ్చి కాఫీ గింజలు,
ఇంకా ఒక ముచ్చట, చెప్పిందే చెప్పే ముచ్చట:

"అక్కడ కాఫీకో జట్టు, కరెంటాఫీసుకో జట్టు,
బ్యాంకుకో జట్టు, సైన్యానికి సరేసరి.
మా సరస్సు ఊళ్లో నూలుమిల్లుకీ ఉంది.
మగ్గం దగ్గర నిలబడ్డవాడే
ఆదివారం గోల్లో నిలబడేవాడు.
జీతం ఆగిన నెల కూడా ఆట ఆగలేదురా.
మన ఐస్ ఫ్యాక్టరీకేం తక్కువ?"

ఏం తక్కువో మేం చెప్పలేదు.
బూట్లు తక్కువ. బంతి ఒక్కటే.
మైదానమైతే ఏటా శ్రావణంలో ఎర్రనీటితో పోయేది.
క్లబ్బు చిరునామా అన్న గడిలో నేను రాసింది ఇది:
ఈ ఏడు ఎక్కడ ఇసక తేలితే అక్కడ.

జట్టు కూర్పు, గుర్తున్నంత:

గోల్లో నల్లి ఏసుపాదం.
పాతికేళ్లు ఐసు దిమ్మలు మోసిన చేతులు,
జారేదాన్ని పట్టుకోవడం ఆయనకి నేర్పక్కర్లేదు.
రోహిణి కార్తెలో షేక్‌హ్యాండిచ్చినా
వేళ్లు చల్లగా తగిలేవి.
వెనక కొల్లాటి అన్నదమ్ములు,
బురదలో గెడ దిగేసినట్టు కాళ్లు పాతేవారు.
మధ్యలో షేక్ మీరావలి, సైకిల్ షాపు.
బంతికి గాలి కొట్టేదీ పంచరు వేసేదీ తనే కాబట్టి
తనదే అన్నట్టు ఎవరికీ అందించేవాడు కాదు.
ఎడమ చివర రొయ్యల చెరువు కాపలా గుర్రాజు.
రాత్రంతా మేలుకొని వచ్చి
బంతి అటు రానంతసేపూ నిలబడే కునికేవాడు.
వచ్చిందా, ఇంక అందడు.
తతిమ్మా పేర్ల మీద టీ ఒలికింది.

గోలు వల సంగతి వేరు.
కొనడానికి డబ్బుల్లేవు.
లేసు అల్లే కడలి సుభద్రమ్మ
పది మందిని కూర్చోబెట్టి
నైలాన్ దారంతో ఇరవై రోజులు అల్లించింది.
మధ్యమధ్య పువ్వులు కూడా వేసింది,
అలవాటు పడ్డ చెయ్యి మానదు కదా.
పాలకొల్లు జట్టు చూసి
"టీవీ మీద గుడ్డ ఇక్కడ కట్టారేంటండీ" అని నవ్వింది.
ఆ పూట ఆ పువ్వుల్లో మూడుసార్లు బంతి పడింది.
మూడూ మా గోల్లోనే.

మేష్టారు గట్టు మీంచి "ఐజో!" అని అరిచారు.
అది అక్కడి మాట,
దిగులుపడకు, ఉన్నాంలే అని.
రేవులో పంటు ఎక్కబోతున్న జనం
పడవ లాగే కేక అనుకున్నారో ఏమో,
"హైలెస్సా" అని అందుకున్నారు.
ఐజో, హైలెస్సా. ఐజో, హైలెస్సా.
పంటు పావుగంట ఆలస్యంగా కదిలింది.
గుర్రాజు ఒకటి కొట్టాడు.
మూడు ఒకటి. ఓటమే, అలాగే రాశాను.

పదకొండేళ్లకి ఫ్యాక్టరీ మూసేశారు.
కంప్రెసర్ని తూకానికి అమ్మారు.
అమ్మోనియా వాసన లేని వీధిలో
కుక్కలు కూడా కొత్తగా తిరిగాయి.
ఆ రాత్రి మీటింగులో ఒకటే అంశం: పేరు మార్చాలా?
"మిల్లు పోతే వాళ్లేం చేస్తారు మేష్టారూ" అని
ఏసుపాదం అడిగాడు.
తెలీదన్నారాయన. ఉత్తరం రాస్తానన్నారు.

నాలుగు నెలలకి జవాబొచ్చింది.
ఇంగ్లీషు ముక్క ఒక్కటీ లేదు.
పదకొండు పేర్లు, వాళ్ల లిపిలో,
కాళ్లూ చేతులూ ఆడిస్తున్నట్టున్న అక్షరాలు.
మేష్టారికి మాట వచ్చు గానీ చదవడం రాదు.
మినిట్స్ పుస్తకంలో మైదా పెట్టి అంటించాను.

పేరు మార్చే అంశం ఇంకా పెండింగులోనే ఉంది.

పై పేరే గోలీ అయ్యుంటాడని
ఏసుపాదం దాని మీద వేలు పెట్టాడు.
పేజీ పట్టుకున్న నా చేతికి తగిలింది.
వెచ్చగా ఉంది.