ఉప్పెయ్యని పద్దు

మా ఆఫీసులో డబ్బుని దొంగలెత్తుకుపోరు.
మురిగిపోతుంది.
ఫైల్లో మేం రాసే మాటే అది:
"ఈ నెల 31లోగా వెచ్చించనిచో నిధులు మురిగిపోవును."

జూన్‌లో మంజూరు.
ఉత్తర్వు మహారాణిపేట మెట్లెక్కేసరికి డిసెంబరు.
పెదజాలరిపేటలో చేపలెండబెట్టే అరుగులు, తొమ్మిది.
ఇంజనీరుగారు కొలతల పుస్తకం పారేసుకుని
మళ్ళీ దొరికించుకునేసరికి ఫిబ్రవరి చివర.
నాలుగు లేచాయి.
ఐదింటికి కంకర కుప్పలు, వాటి మీద మేకలు.

ముప్పై ఒకటో తారీఖు
జగదాంబ దగ్గర టీకి కూడా ఆగకుండా
బిల్లులు చొక్కాలో దోపుకుని ట్రెజరీకి.
సర్వరు తిరుగుతోంది గుండ్రంగా,
ఒడ్డు పట్టలేని తెప్పలా.
రాత్రి పదకొండుకి టోకెన్ పడింది, నాలుగు అరుగులకి.
మిగిలినవి రెండు లక్షల డెబ్భై వేల నాలుగొందలు.
పన్నెండు దాటాక కూడా
డాల్ఫిన్స్ నోస్ మీద దీపం తిరుగుతూనే ఉంది.
దానికి ఆర్థిక సంవత్సరం లేదు.

సంఘం ప్రెసిడెంటు గరికిన దానమ్మ
అప్పటిదాకా వరండాలోనే,
తట్ట బోర్లించి దాని మీద కూచునుంది.
చెప్పాను.
నవ్విందో, దగ్గిందో.

"డబ్బు కూడా మురుగుద్దేటి బాబూ?
సేప మురక్క మునుపే ఉప్పేత్తాం మేవు.
పొద్దుట వల దిగితే మజ్జాన్నానికి ఉప్పులో ఉంటాది.
మీకు పది నెల్లిచ్చినారు గదా,
ఒక్కలికీ ఉప్పు గేపకం రానేదా?"

ఆ ప్రశ్నకి మా దగ్గర ప్రొఫార్మా లేదు.

ఏప్రిల్ ఒకటి.
పద్దు పక్కన సున్నా, కడిగిన కంచంలా.
"నిధులు సద్వినియోగమైనవి" అన్న పత్రం మీద
సంతకం పెట్టాను.
నాలుగు అరుగుల వరకూ అబద్ధం కాదు.
డైరీలో సెప్టెంబరు పేజీ తెరిచి
ఒక్క మాట రాసుకున్నాను: ఉప్పు.
సూపరింటెండెంటు తొంగిచూసి
ఇంటి సరుకులనుకున్నాడు.

పదిహేను నుంచి వేట బంద్.
ఆలోపు పడ్డ నెత్తళ్ళు
సగం అరుగుల మీద, సగం ఎప్పట్లాగే ఇసకలో ఎండాయి.
దానమ్మ దగ్గర పావుకిలో తీసుకున్నాను.
ఏ సగంలోవో అడగలేదు.
తూకం మొగ్గేలాగే వేసింది.

ఆదివారం వంకాయలో వేసి వండింది మా ఆవిడ.
మూడో ముద్దలో
పంటికింద ఇసక పలుకు.

ఉమ్మలేదు.