అదనపు బకెట్

పెరుంగుడిలో, మూడో అంతస్తులో,
రాత్రి పదకొండు దాటాక
నేనొక మేడను కూల్చుతుంటాను.

దుమ్ము లేవదు. కేక వినపడదు.
గోడ పలకలు రెండు కలిసేచోట
ఆకుపచ్చ పసుపవుతుంది, పసుపు ఎరుపవుతుంది,
ఆ తర్వాత కంప్యూటరు ఫ్యాను రొద. అంతే.

కొత్త పద్ధతి ఇది. ఇటుక లేదు.
ఫ్యాక్టరీలో పోతపోసిన గోడలు
కూలీల్లాగే లారీలో నిలబడి వస్తాయి.
క్రేను దించుతుంది, కీళ్లలో గ్రౌటు పోస్తారు,
పన్నెండు రోజులకో అంతస్తు.
నిలుస్తుందా అని నన్నడిగారు.

డిసెంబరు తుపాను గాలి పెట్టాను.
పళ్లికరణై బురదనేల పెట్టాను.
లక్షా ఎనభై వేల ముక్కలు చేసి
ఒక్కో ముక్కనీ అడిగాను, నొప్పెక్కడని.
నలభై మూడుసార్లు కూలి
కీలు మందం పెంచాక
నలభై నాలుగోసారి నిలబడింది.

సైటులో గవరయ్య, టెక్కలి అవతలి మనిషి,
గ్రౌటు కలిపే చేతులు తుడుచుకుని
ల్యాప్‌టాప్‌లో ఊగే మేడను వంగి చూశాడు.
"ఇందల మేం ఎక్కడున్నాం అమ్మా?"
మీరుండరు, గోడలే, అన్నాను.
"మరి నీళ్లెవులు పోత్తారు?"

గొంతు తగ్గించి తనే చెప్పాడు:
ఎండ నెత్తిమీద కూకుంటే గ్రౌటు జారదు,
గొట్టం మూతి పట్టేత్తాది,
సూపర్‌వైజరు అన్నానికెళ్తే
ఓ బకెట్ ఎక్కువ పోత్తాం.

నా దగ్గర నీటికి ఒక గడి ఉంది.
సున్నా పాయింట్ నాలుగు.
ఎండకు లేదు. తొందరకు లేదు.

ఆ రాత్రి బకెట్‌ను లెక్కలోకి దించాను.
పద్దెనిమిది లీటర్లు,
మధ్యాహ్నం పోసిన కీళ్లకు మాత్రమే.
అదే గాలి, అదే నేల.
నాలుగో అంతస్తు తూర్పు మూల
ఎవరిదో కాబోయే వంటిల్లు
నెమ్మదిగా, మర్యాదగా పక్కకు జరిగింది.

పన్నెండు నుంచి మూడు దాకా గ్రౌటు పోయరాదు,
అని రాశాను. ఎవరు చెప్పారన్నారు.
క్షేత్ర పరిశీలన, అన్నాను.
పేరు రాస్తే అతని పని పోతుంది.

నెల తిరగ్గానే ఫోను.
"గోడ నిలబడతాదమ్మా, బెంగ నేదు.
మాకే, ఆ మూడు గంటల కూలీ కోసేసినారు."

మళ్లీ నడిపాను.
తెర నిండా ఆకుపచ్చ.
ఒక్కచోటైనా ఎరుపు కనిపిస్తుందేమోనని
తెల్లారేదాకా వెతుకుతూనే ఉన్నాను.