గింజ మోగాలి

బ్రాడీపేట నాలుగో లైనూ పద్నాలుగో అడ్డరోడ్డూ కలిసేచోట
నాదో జిరాక్సు కొట్టు.
ఫొటోలు తీస్తాను, ఫారాలు నింపుతాను,
ఓటీపీ రానివాళ్లకి ఓపిక అమ్ముతాను.

చికొండి మొదట ఫొటో కోసమే వచ్చింది.
మలావీ పిల్ల, హైవే పక్క కాలేజీలో ఇంజినీరింగు.
తెల్లగుడ్డ ముందు కూర్చోబెట్టానో లేదో
నాకు ఒకటే తుమ్ములు.
చొక్కా నిండా మిరప ఘాటు.
"యార్డు నుంచి వస్తున్నానక్కా, ఏమనుకోవద్దు" అంది
మన యాసకి తన ఊరి తాళం వేసి.

క్లాసు ఎగ్గొట్టిన సోమవారాలన్నీ అక్కడేనట.
తొడిమలు తీసే రూతమ్మ నేర్పిందట:
కాయని చెవి దగ్గర పెట్టి ఊపు,
గింజ గలగలమంటే ఎండినట్టు,
మూగగా ఉంటే లోపల తడి ఉన్నట్టు.
తడికాయ ఒక్కటి బస్తాలో పడితే చాలు,
బూజు అందరితో చుట్టరికం కలుపుకుంటుంది.

రూతమ్మ చెవిని ఈ పిల్ల డబ్బాలో పెట్టింది.
టిఫిన్ గిన్నెంత డబ్బా. కాయ వేస్తే అంకె చెబుతుంది.
ఆరుగురు కమిషన్ వ్యాపారులు కొంటామన్నారు.

అక్కడ మొదలైంది కాగితం.

చదువు వీసా మీద చదవాలిగానీ అమ్మకూడదు,
వ్యాపారం వీసాకి ఇంటికెళ్లి అక్కణ్ణుంచి అడగాలి,
ఉద్యోగం వీసాకి జీతమిచ్చే కంపెనీ కావాలి
అని ఎవరో చెప్పారట. ఇంకెవరో కాదన్నారట.
మూడోవాడు తన ఫీజు చెప్పాడట.

కంపెనీ ఉంది కదే అన్నాను.
ఉంది, ప్రభుకిరణ్ పేరు మీద.
క్లాస్‌మేటు, తాడికొండ కుర్రాడు, మంచివాడే.
ఆ కాగితం స్కాన్ చేసింది నేనే.
డైరెక్టర్ల వరసలో వాళ్ల బాబాయి కూడా ఉన్నాడు,
చికొండి లేదు.
తన డబ్బా దగ్గర తనే జీతానికి చేరాలి,
ఆ జీతమూ ఇంతకి తగ్గకూడదని లెక్కుందట.
లెక్క విని ప్రభుకిరణ్
టీ చల్లారేదాకా గ్లాసు వైపే చూశాడు.

గడువు ఇరవై ఆరు రోజులు.

నిన్న రాత్రి షట్టర్ సగం దించి ఫారం తెరిచాం.
ఇంటిపేరు గడి దగ్గరే అరగంట.
సైటు రెండుసార్లు పడుకుంది.
ఫొటో వద్దంది, వెనక నీడ పడిందట.
మనిషన్నాక నీడ పడదా అని గొణుక్కుంటూ
గోడకి దూరంగా జరిపి మళ్లీ తీశాను.

తర్వాతి గడి: ఇండియాలో మీకు తెలిసినవారు.
ఆ పిల్ల వేళ్లు ఆగిపోయాయి.
రూతమ్మకి ఫోన్ లేదు.
హాస్టల్ ఖాళీ చెయ్యమన్నదే వార్డెన్.
ప్రభుకిరణ్ పై గడిలోనే యజమానైపోయాడు.
"అక్కా, నీ పూర్తి పేరేంటి?"

నా పూర్తి పేరు ఎవరైనా అడిగి ఎన్నాళ్లయిందో.
షేక్ గౌసియా బేగం అన్నాను,
డోర్ నంబర్ కూడా చెప్పాను.
రోజుకి పదిమంది పాస్‌పోర్టులకి అప్లై చేసే నాకు
పాస్‌పోర్టు లేదు.
కృష్ణ దాటింది నాలుగుసార్లు, నాలుగూ పెళ్లిళ్లకే.
అలాంటిదాన్ని ఇప్పుడు
ఒక దేశం ముందు ఇంకో దేశపు పిల్లకి పూచీ.

పక్కన చిన్న గడి: సంబంధం.
నేను తడుముకునే లోపు తనే కొట్టేసింది,
ఫొటోగ్రాఫర్ అని.
నిజమే కదా. నవ్వాను.
కొంచెం గుచ్చుకుంది కూడా.

డబ్బులు తీస్తుంటే జేబులోంచి
ఒక తేజా కాయ బల్ల మీద పడింది.
చూసుకోకుండా వెళ్లిపోయింది.

పొద్దున చూశాను: పరిశీలనలో ఉంది.
అన్నం తిని చూశాను: పరిశీలనలో ఉంది.
కాయ తీసి చెవి దగ్గర ఊపాను,
ఆటోల మోతలో ఏమీ తెలియలేదు.
కరెంటు బిల్లువాడు పిలుస్తున్నా
షట్టర్ కిందికి లాగి
మళ్లీ ఊపాను.